బాబూమియా పిడికిలి

తన ముఖం ఎంత ఉబ్బిందో తెలుసుకోవడానికి బాబూమియాకు అద్దం అక్కర్లేదు. పొద్దున్నే భార్య జాహెదా ముఖం చూస్తే చాలు. ఆమె "యా అల్లా" అని ఊరుకుంటే కొంచెం ఉబ్బినట్టు. ఏమీ అనకుండా వచ్చి కాళ్ల దగ్గర కూర్చుంటే బాగా ఉబ్బినట్టు. ఆవేళ ఆమె ఏమీ అనలేదు. మంచం పట్టె మీద కూర్చుని, ఆయన కాలు ఒళ్లోకి తీసుకుని, మోకాలి కింద ఎముక మీద బొటనవేలితో గట్టిగా నొక్కి తీసింది. గుంట పడింది. ఇద్దరూ ఆ గుంటనే చూస్తూ కూర్చున్నారు. అది పూడుకునేసరికి గల్లీలో పాలవాడు రెండిళ్లు దాటిపోయాడు.

"నిన్నటికన్న ఎక్కువుంది" అంది జాహెదా.

"నువ్వు నిన్నటికన్న గట్టిగ నొక్కినవ్."

"తప్పు నా వేలి మీద పెడ్తున్నవా?"

"మరెవరి మీద పెట్టాలె? గుర్దాలకు చెవులుంటే వాటినే తిడుదును."

ఆ గుర్దాలు, అంటే మూత్రపిండాలు, రెండూ చెడ్డాయని తేలి మూడేళ్లయింది. ఒంట్లో నీళ్లు వడగట్టి బయటికి పంపాల్సినవి సగం పనే చేస్తున్నాయి. మిగిలిన నీళ్లు ముఖంలో, కాళ్లలో, వేళ్లలో కాపురం పెట్టాయి. ఈ జబ్బు పోయేది కాదు, నడుపుకునేది అన్నాడు నయాపూల్ దగ్గరి దవాఖానా డాక్టరు. నడిపేది మాత్రం జాహెదా. ఉప్పు లేని రొట్టె, ఉప్పు లేని సొరకాయ, వారానికి ఒక్క మాంసం ముక్క. రోజూ పొద్దున్నే చిన్న కూజాలో నాలుగు గిన్నెల నీళ్లు కొలిచి పోస్తుంది. ఆ రోజు దాహమంతా ఆ కూజాతోనే తీరాలి.

అన్నీ వేసి చూడు, నన్ను వేసి చూడు అందట ఉప్పు. దాని పొగరు అణచడం ఎవరి తరం? మొదట్లో ఆ సొరకాయను బాబూమియా గోడవైపు తిరిగి తినేవాడు, కోపం కనబడకుండా. ఇప్పుడు జాహెదా అందులో కొత్తిమీర దంచి వేసి, నిమ్మకాయ పిండి పెడితే, "ఇది ఏ నవాబు ఇంట్ల దొరుకుతది?" అని వేళ్లు నాకుతాడు. అందులో సగం నాటకం. సగమే.

రెండేళ్లు గడిస్తే గొప్ప అన్నాడు ఆ రోజుల్లో డాక్టరు. రెండేళ్లు గడిచి, మీద ఇంకో ఏడాది కూడా గడిచింది. ఈ ఏడాదంతా కొసరు అంటాడు బాబూమియా. కొసరు పెట్టిన వాడితో బేరం ఆడకూడదు అని కూడా అంటాడు. అందుకే ఆవేళ కూడా కాళ్లు కిందికి దించి, అల్లాకు షుక్ర్ చెప్పుకుని, కూజా చంకన పెట్టుకుని పనికి బయలుదేరాడు.

ఆయన పని దావత్‌లకు, అంటే విందులకు, వండడం. మాదన్నపేట నుంచి మలక్‌పేట దాకా పెళ్లి అంటే పొయ్యి మీదికి బాబూమియా బిర్యానీ దేగ్‌లే ఎక్కాలి, ఆ పెద్ద రాగి గుండిగల కింద చింత మొద్దులు మండాలి. బరువులెత్తే పని, పొయ్యి ముందు నిలబడే పని అక్క కొడుకు యూనుస్ అందుకున్నాడు. ముప్పై ఏళ్ల వాడు, పనిలో దిట్ట, నోట్లో దురుసు. కానీ ఉప్పు మాత్రం బాబూమియాదే. ఎసరు కాగగానే అందరూ ఒక అడుగు వెనక్కి జరుగుతారు. ఉస్తాద్ ముందుకొచ్చి, బిస్మిల్లా అని, దొడ్డుప్పు సంచిలో చెయ్యి పెడతాడు. దేగ్‌కు ఆరు పిడికిళ్లు. తూకం లేదు, కొలత గిన్నె లేదు. వాళ్ల అబ్బావీ ఆరు పిడికిళ్లే, అబ్బా వాళ్ల అబ్బావీ ఆరు పిడికిళ్లే. ఉస్తాద్ తప్ప ఎవ్వరూ ఎసట్లో ఉప్పు వేయరాదు, వేశాక రుచి చూడరాదు. చివర్లో మూత తీసినప్పుడు ఇంటి పెద్ద ఎదుట మొదటి ముద్ద ఉస్తాదే తిని, "నమక్ బరాబర్", అంటే ఉప్పు సరిగ్గా ఉంది, అనాలి. ఆ మాట వినబడితే గానీ వడ్డన మొదలవదు.

బాబూమియా జాహెదాకు కూడా చెప్పని మాట ఒకటుంది. రెండేళ్లుగా ఆయన నాలుక మీద ఏది వేసినా రాగి పైసా చప్పరించినట్టే ఉంటుంది. ఉప్పుకూ పులుపుకూ తేడా తెలియదు. అయినా దావత్ దావత్‌కూ రెండు మెతుకులు నోట్లో వేసుకుని, నిండు ధైర్యంతో "బరాబర్" అంటున్నాడు. ఒక్కసారి కూడా తప్పలేదు. నాలుక పోతేనేం, చేతికి గుర్తుంది కదా అనుకున్నాడు. అంత జబ్బులోనూ ఆయనను నిటారుగా నిలబెట్టింది ఆ నమ్మకమే.

ఆవేళ గల్లీ చివరింట్లో అకీకా, పసిబిడ్డకు జుట్టు తీయించి పెట్టే విందు. రెండే దేగ్‌లు. మసాలా నూరే ఆగమ్మ మాత్రం లేదు. చెల్లెలి బిడ్డ పెళ్లికి ఇబ్రహీంపట్నం పోయింది. ఎప్పుడూ మురుగు పోయే మోరీ పక్క గోడకు బండ వేసుకుని, ఎవరికీ అడ్డం రాకుండా నూరుకుంటూ ఉండే మనిషి. దావత్‌కు వచ్చీ రాగానే, "ఉంగరం తిరుగుతున్నదా అన్నా?" అని అడుగుతుంది. బాబూమియా కుడిచేతి వేలికి ఎర్ర రాయి వెండి ఉంగరం ఉంది. ఆయన తిప్పి చూపిస్తాడు. తిరిగితే ఆగమ్మ నవ్వుతుంది, బిగిస్తే మూతి ముడుస్తుంది. పాపం, తోడబుట్టిన దానిలా కనిపెట్టుకుని ఉంటుంది అనుకునేవాడు. ఆవేళ అడిగేవాళ్లు లేరు. ఉంగరం చూస్తే వేలిలోకి దిగబడి ఉంది.

యూనుసే మసాలా నూరాడు. యాలకులు, షాజీరా గుడ్డలో మూట కట్టి ఎసట్లో వేశాడు. బాబూమియా ఆరు పిడికిళ్లు వేశాడు. మూత తీశాక రెండు మెతుకులు తిని "బరాబర్" అన్నాడు.

వడ్డన సగంలో ఉండగా ఒక ముసలాయన మెల్లగా, "బేటా, కొద్దిగ ఉప్పు దొరుకుతదా?" అని అడిగాడు. తర్వాత ఇంకొకరు. కాసేపటికి అందరూ చుట్టూ కూర్చుని తినే దస్తర్‌ఖాన్ గుడ్డ మీద ఈ చివర నుంచి ఆ చివరకు ఉప్పు గిన్నె ఒకటి చేతులు మారడం మొదలుపెట్టింది. బాబూమియా దేగ్ పక్కన నిలబడి ఆ గిన్నె వెంటే చూపు తిప్పాడు.

"మామూ, నాలుక..." అన్నాడు యూనుస్ అనుమానంగా.

"నాలుకేంది? ఉప్పు ఖరాబున్నది. ఎక్కడో నడుస్తున్న యుద్ధం పేరు చెప్పి మన్ను కలుపుతున్నరు."

తిన్నగా ఉప్పు కొట్టుకు పోయి, కొట్టు వైకుంఠం మీద అంతెత్తున లేచాడు. వైకుంఠం గుప్పెడు ఉప్పు తీసి నోట్లో పోసుకుని నమిలి మింగి, "మన్నుంటే గిట్ల తింటనా ఉస్తాద్?" అన్నాడు. అయినా బాబూమియా పక్క కొట్లో వేరే ఉప్పు కొన్నాడు. తప్పు తనది కాకుండా పోవాలంటే మనిషి ఏ కొట్టైనా మారుస్తాడు.

మర్నాడు దవాఖానా. డాక్టరు ఆయన మూత్రాన్ని గాజు గొట్టంలో పోసి స్పిరిట్ దీపం మీద పట్టాడు. అది కాగుతూ కాగుతూ కోడిగుడ్డు తెల్లసొనలా గడ్డకట్టింది. ఆ గడ్డ ఎంత ఎత్తు కడితే ఒంట్లోంచి అంత సత్తువ పోతున్నట్టని బాబూమియాకు ఇప్పుడు తెలుసు. డాక్టరు గొట్టాన్ని వెలుతురుకు పెట్టి చూశాడు.

"పోయిన నెల కన్న పెరిగింది. మంట కాడికి పోతున్నవా?"

"దూరంగనే ఉంటున్న సాబ్."

"నీళ్లు?"

"నాలుగు గిన్నెలు. కొలిచేది మా ఇంటామె. ఆమె కాడ లంచం నడవదు."

డాక్టరు నవ్వి, ఆయన చెయ్యి పట్టుకుని చూసి, నవ్వు ఆపాడు. "ఈ ఉంగరం ఈరోజే తియ్యి. ఇంకింత ఉబ్బితే కోసి తియ్యాలె. వేలికే మోసం వస్తది."

సాయంత్రం జాహెదా సబ్బునీళ్ల గిన్నె ముందేసుకుంది. వేలికి దారం చుట్టి, నురగ పట్టించి, ఉంగరాన్ని సన్నసన్నగా తిప్పుతూ పైకి తెచ్చింది. కణుపు దగ్గర ఆగింది. ఆయన పళ్లు బిగించాడు. "అయిపోయింది, అయిపోయింది" అంటూ ఆమె చిన్నపిల్లవాడికి చెప్పినట్టు చెప్పి లాగింది. ఉంగరం గిన్నెలో టంగుమని పడింది. వేలి మీద తెల్లటి గాడి మిగిలింది. జాహెదా ఆ గాడి మీద కొబ్బరినూనె రాస్తూ ఉంటే బాబూమియా ఆ చేతుల వైపే చూశాడు. ఈ చేతులు లేకపోతే ఈ ఏడాది కొసరు తనకెక్కడిది?

అప్పుడే యూనుస్ వచ్చి గడప మీద కూర్చున్నాడు. గురువారం మలక్‌పేటలో వకీలు సాబు కొడుకు వలీమా, పెళ్లయ్యాక మగపెళ్లివారిచ్చే దావత్. ఎనిమిది దేగ్‌లు, నగరంలోని పెద్దమనుషులంతా వచ్చే విందు.

"మామూ, గురువారం ఉప్పు నేను చూస్త."

"నేను సచ్చినంక చూడు."

"గట్లెందుకంటవ్? అకీకా ముచ్చట మాదన్నపేట మొత్తం తెలిసింది. వకీలు సాబు ఇంట్ల గూడ ఉప్పు గిన్నె తిరిగితే మల్ల మనల్ని ఎవరు పిలుస్తరు? నువ్వు ఇంట్ల కూసో. ఫికర్ చెయ్యకు, నేను చూసుకుంట."

వాడి మాటలో దురుసు ఎంత ఉందో ప్రేమా అంతే ఉంది. బాబూమియాకు ప్రేమే ఎక్కువ గుచ్చుకుంది. ఇంట్లో కూర్చోవడం అంటే ఏమిటో ఆయనకు తెలుసు. మంచం, కూజా, కాలి మీద బొటనవేలి గుంట, మర్నాడు మళ్లీ అదే.

"గురువారం ఒక్కటి చూడు" అన్నాడు చివరికి. "ఉప్పు తప్పితే గరిటె నీ చేతికిచ్చి ఇంట్ల కూసుంట. అల్లా మీద ఒట్టు."

గురువారం పొద్దున్నే గుంట బాగా లోతుగా పడింది. జాహెదా ఏమీ అనలేదు.

మలక్‌పేటలో వకీలు సాబు ఇంటి వెనక ఎనిమిది పొయ్యిలు వరసగా మండుతున్నాయి. ఆగమ్మ ఊరి నుంచి వచ్చేసింది. మోరీ పక్కనే కూర్చుని, చీర చెంగు నడుముకు దోపి, అల్లం నూరుతోంది. బాబూమియాను చూడగానే చేతులు కడుక్కుంది.

"ఉంగరం తిరుగుతున్నదా అన్నా?"

ఆయన నవ్వి వేలు చూపించాడు. తెల్ల గాడి తప్ప ఏమీ లేదు. "డాక్టర్ తీయించిండు."

ఆగమ్మ ముఖం పాలిపోయింది. "తీయించిండా?" అని రెండుసార్లు అడిగింది. బండ దగ్గరకు పోయి కూర్చుంది గానీ చేతులు ఆడలేదు. ఉంగరం పోతే దీనికేమిటి ఇంత దిగులు అనుకున్నాడు బాబూమియా.

ఎసళ్లు కాగాయి. ఎనిమిది దేగ్‌ల దగ్గరా మనుషులు ఒక అడుగు వెనక్కి జరిగారు. బాబూమియా బిస్మిల్లా అని, కొత్త ఉప్పు సంచిలో చెయ్యి పెట్టి, దేగ్‌కు ఆరు చొప్పున వేస్తూ పోయాడు. ఆవిరికి కళ్లు మండాయి. దాహం గొంతులో ముల్లులా నిలబడింది. కూజాలో మూడు గిన్నెలే మిగిలాయి, పొద్దు ఇంకా ఎంతో ఉంది. నీడలోకి పోయి ఒక గుక్కతో నోరు తడుపుకున్నాడు.

మింగేలోపే యూనుస్ అరుపు వినబడింది.

"ఏయ్ ముసల్దానా! నీకేం పుట్టింది?"

ఆగమ్మ మొదటి దేగ్ ముందు నిలబడి ఉంది. ఒక చేతిలో గరిటె, ఇంకో అరచేతిలో వేడి ఎసరు. నాలుక మీద వేసుకుంటూ దొరికిపోయింది. ఉస్తాద్ ఉప్పు వేసిన ఎసరును మసాలా నూరే మనిషి రుచి చూడడం! వంటవాళ్లంతా పనులు ఆపి చూశారు. లొల్లి విని ఇంట్లోంచి ఇద్దరు ముగ్గురు కిటికీలోకి వచ్చారు.

"ఏంది ఆగమ్మా?" అన్నాడు బాబూమియా దగ్గరికొచ్చి.

ఆమె తల ఎత్తలేదు. "తక్కువున్నదన్నా."

"ఏంది తక్కువ?"

"ఉప్పు."

చింత మొద్దు ఒకటి చిటచిటలాడింది. బాబూమియా నెమ్మదిగా అడిగాడు. "నువ్వెందుకు చూసినవ్?"

"ఉంగరం లేదు గదన్నా. ఉంటే నోట్ల ఏసుకునే పనే లేకుండె." ఆమె తడి చెయ్యి చీరకు తుడుచుకుంది. "నీ చెయ్యి ఉబ్బిన నాడు పిడికిట్ల ఉప్పు తక్కువ పడతది. ఉంగరం జరంత బిగిస్తే దేగ్‌కు నేనొక పిడికెడు, అసలే తిరగకుంటే ఒకటిన్నర. మసాలా మూటల కట్టి ఎసట్ల ఏస్తున్న. ఈరోజు ఎంత కట్టాల్నో తెలుస్తలేదు."

"ఎప్పటి సంది?"

"రెండేండ్లాయె."

బాబూమియా ఉప్పు సంచి దగ్గరకు పోయాడు. గుప్పెడు తీసి పిడికిలి మూశాడు. వేళ్లు అరచేతిని తాకలేదు. మధ్యలో మాంసం పిండిముద్దలా అడ్డం వచ్చింది. మళ్లీ తెరిచి మళ్లీ మూశాడు. రోజూ చూసుకునే చెయ్యే. జాహెదా కాలు నొక్కి చూసింది, డాక్టరు మూత్రం కాచి చూశాడు, తాను ముఖం ఉబ్బింది చూసుకున్నాడు. పిడికిలి చూసినది ఈ మోరీ పక్కన కూర్చున్న మనిషి ఒక్కతే. రెండేళ్లుగా తన చెయ్యి తప్పలేదని మురిసిపోయాడు. తప్పుతూనే ఉంది. తప్పిన ప్రతిసారీ వెనక నుంచి ఎవరో దిద్దుతున్నారు.

ముందు సిగ్గు వచ్చింది. ఇంతమంది ముందు తల తీసేసినట్టయింది.

"నాకెందుకు చెప్పలే?" అన్నాడు కరకుగా.

"చెప్తే నువ్వు ఇంట్ల కూసుంటవ్." ఆగమ్మ ఇప్పుడు తల ఎత్తి చూసింది. "మా ఇంటాయన పెంటయ్య గూడ గట్లనే జబ్బుపడి కూసున్నడు. మంచిగ చూసుకున్న, తినబెట్టిన. పని లేదని కుమిలి కుమిలి ఆర్నెల్లకే పోయిండు. నువ్వు దేగ్ కాడ నిలబడినంత సేపు మంచిగుంటవ్. పిడికెడు ఉప్పే గదా, నాకేం బరువు?"

సిగ్గు ఎటు పోయిందో తెలియలేదు. బాబూమియా కళ్లలో నీళ్లు తిరిగాయి. గుర్దాలు ఆపలేని నీళ్లు ఇవి అని నవ్వు కూడా వచ్చింది. ఈ ఏడాది కొసరు ఎవరెవరు కట్టి ఇస్తున్నారో ఒక్కొక్కరే ఇలా బయటపడుతున్నారు.

ఆయన ఉప్పు సంచి తెచ్చి ఆగమ్మ ముందు పెట్టాడు. "వెయ్యి."

"నేనా? అందరు చూస్తుండంగనా?"

"బిస్మిల్లా అని వెయ్యి. నోరు తిరగకుంటే రామా అని వెయ్యి. వెయ్యి చెల్లె!"

ఆగమ్మ మనసులో ఏమన్నదో గానీ పెదవులు కదిలాయి. ఒక్కొక్క దేగ్ రుచి చూస్తూ, ఒకదానికి పిడికెడు, ఒకదానికి ఇంకాస్త వేస్తూ వెళ్లింది. యూనుస్ ఆమె వెనకే గరిటె తిప్పుకుంటూ నడిచాడు.

మధ్యాహ్నం దమ్ అయింది. మూత చుట్టూ పెట్టిన పిండి ఎండి గట్టిపడింది. వకీలు సాబు షేర్వానీ గుండీలు పెట్టుకుంటూ, నలుగురు పెద్దలను వెంటబెట్టుకుని వచ్చాడు. యూనుస్ బాబూమియా చెవిలో, "మామూ, నువ్వే రెండు మెతుకులు తిని బరాబర్ అను. ఉప్పు సరిపోయింది, ఎవరికి తెలుస్తది?" అన్నాడు.

నిజమే, ఎవరికీ తెలియదు. రెండు మెతుకులు, ఒక్క మాట. తన పేరు తనకే ఉంటుంది. బాబూమియా మూత తీశాడు. ఆవిరి లేచింది. అందరూ ఆయన వైపు చూశారు.

"హుజూర్" అన్నాడు. "రెండేండ్ల సంది నాకు రుచి తెలుస్తలేదు. గుర్దాల జబ్బు. తెల్వకుండనే బరాబర్ అంటున్న. ఉప్పు సరిజేసేది ఈమె. పేరు ఆగమ్మ. ఇయ్యాల మొదటి ముద్ద ఈమెది."

యూనుస్ కళ్లు మూసుకున్నాడు. వకీలు సాబు ఆగమ్మను చూశాడు, ఆమె పసుపు, కారం పట్టిన వేళ్లను చూశాడు. కోర్టులో ఎందరి సాక్ష్యాలు విన్న మనిషో.

"మా పెద్దోడి పెండ్లిల గూడ ఈమేనా?" అన్నాడు.

"ఈమెనే హుజూర్."

"ఆ బిర్యానీ ముచ్చట ఇప్పటికీ చెప్తరు." వకీలు సాబు పక్కకు తిరిగాడు. "చేతుల పెట్టకున్రి. చీనీ తట్టల పెట్టి ఇయ్యున్రి."

యూనుస్ పరుగెత్తి పింగాణీ తట్ట తెచ్చాడు. దానితోపాటు ఒక పీట కూడా తెచ్చి మోరీకి దూరంగా, నీడలో వేశాడు. ఆగమ్మ పీట అంచున కూర్చుని, అటు తిరిగి ముద్ద నోట్లో పెట్టుకుంది. నెమ్మదిగా నమిలింది. పెద్దలంతా నిలబడి ఎదురుచూస్తున్నారు. ఆమె తట్ట కింద పెట్టి లేచింది.

"ఇది సరిపోయింది. గింత తొందరైతే ఎట్ల? ఇంక ఏడున్నయ్ గదా, అవి గూడ చూడాలె."

వకీలు సాబు పెద్దగా నవ్వాడు. ఏడు దేగ్‌ల మూతలు తీసేదాకా నగర పెద్దమనుషులంతా ఆగారు. ఆ పూట దస్తర్‌ఖాన్ మీద ఉప్పు గిన్నె కనబడలేదు.

పొద్దు వాలుతుండగా బాబూమియా చెట్టు నీడలో జాహెదా కట్టిచ్చిన చప్పిడి రొట్టె విప్పాడు. ఆగమ్మ దూరం నుంచి ఒక నిమ్మకాయ చెక్క తెచ్చి ఆ రొట్టె పక్కన పెట్టి పోయింది. కూజాలో ఆఖరి గిన్నె ఉంది. దాన్ని గుక్క గుక్కగా తాగాడు. ఎంత దాహంతో తాగాడో అంత హాయిగా ఉంది. ఒట్టు గుర్తొచ్చి యూనుస్‌ను పిలిచాడు. "ఉప్పు నా చెయ్యి తప్పిందిరా. మాట మాటే. గరిటె నీది."

యూనుస్ గరిటె అందుకోలేదు. నేల వైపు చూస్తూ, "ఇద్దరు ఉస్తాద్‌లు ఉండంగ నాకెందుకు మామూ?" అన్నాడు.

ఇల్లు చేరేసరికి జాహెదా గుమ్మంలోనే ఉంది. ఆయన ముఖం చూసింది, కాళ్లు చూసింది. మంచం మీద కూర్చోబెట్టి కాలు ఒళ్లోకి తీసుకుంది. నొక్కబోయి ఆగింది.

"ఉప్పు?" అంది భయం భయంగా.

"బరాబర్."

ఆమె హమ్మయ్య అనేలోపే ఆయన ఆమె చెయ్యి పట్టుకున్నాడు.

"నేను గాదు జాహెదా" అన్నాడు. "ఆగమ్మ అన్నది."